స్కూలు బస్సా, ఊరి బడా?

బడి సంగతులు: పాఠకుల ప్రశ్నలకు రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ జవాబులు

సంక్రాంతి దాటిందంటే చాలు, నాకొచ్చే ఉత్తరాలన్నీ అడ్మిషన్ల మీదే. ఈసారి ఒక తల్లి ఉత్తరానికి ఎక్కువ చోటిచ్చాను. మిగతావాళ్లు కోపం తెచ్చుకోకండి. ఆమె అడిగినవి మీలో చాలామంది అడిగినవే.

ప్రశ్న: టీచరమ్మా, నమస్తే. మాది జనగామ జిల్లాలో చిన్న ఊరు. మా ఆయన ఆటో నడుపుతాడు, నేను మిషను కుడతాను. ఇద్దరం కలిసి నెలకు ఇరవై వేలు చూస్తే గొప్ప. బాబుకు ఐదేళ్ల ఎనిమిది నెలలు, పాపకు నాలుగో ఏడు నడుస్తోంది. ఇద్దరూ ఇప్పుడు అంగన్‌వాడీకి పోతున్నారు. మా ఊరి బడిలో ఒకటి నుంచి ఐదు దాకా అంతా కలిపి 31 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. అందులో ఒక సారు సర్వే డ్యూటీ, ఎలక్షన్ పని అంటూ చాలా రోజులు బడిలో ఉండడు. మండలంలో ఉన్న ప్రైవేటు స్కూలు బస్సేమో మా వాకిట్లోకే వస్తుంది. ఫీజు 22 వేలు, బస్సు 9 వేలు, పుస్తకాలు, బట్టలు, టై, బెల్టు అన్నీ కలిపితే ఒక్కొక్కరికి 36 వేలు. మా తోటికోడలు పిల్లలు అందులోనే పోతారు. వాళ్లు ఇంగ్లిష్‌లో రైమ్స్ చెప్తుంటే మా బాబు నోరు తెరుచుకుని చూస్తాడు. మా అత్త "పిలగాణ్ని బస్సెక్కించు, పిల్లను ఊరి బళ్లో వెయ్యి" అంటుంది. మా ఆయన "సర్కారు బళ్లో తెలుగు మీడియమే కదా, ఆ టీచర్ల పిల్లలే హన్మకొండల ప్రైవేటుల చదువుతుంటే మనకెందుకు ఆ బడి" అంటాడు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. అప్పు చేసైనా వెయ్యమంటారా?
– పేరు వద్దన్న తల్లి, జనగామ జిల్లా

జవాబు: అప్పు చేయొద్దు తల్లీ. ముందు ఆ మాట చెప్పేసి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. ఇద్దరికీ కలిపి 72 వేలంటే మీ ఏడాది సంపాదనలో మూడో వంతుకు దగ్గర పడుతుంది. పైగా ఇది ఒక్క ఏడాదితో పోయేది కాదు, పదో తరగతి దాకా ఏటా పెరుగుతూ పోయేది. డబ్బు ఆడక మూడులోనో నాలుగులోనో ప్రైవేటు మాన్పించి మా బడికి తెచ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను. వాళ్లకు బాకీ ఉందని టీసీ ఇవ్వరు, ఇక్కడికొచ్చాక సిగ్గుతో ఆరు నెలలు నోరు విప్పరు. ఆ ఆరు నెలల నష్టం 36 వేలకన్నా పెద్దది.

మీ అత్తగారి మాట మాత్రం అస్సలు వినొద్దు. గొడవ పెట్టుకోమని కాదు, ఊరుకుని మీ పని మీరు చేయండి. వేస్తే ఇద్దర్నీ ఒకేచోట వేయండి, లేదా ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లను వేయండి. మగపిల్లాడని ఒకచోట, ఆడపిల్లని ఒకచోట కుదరదు. సర్కారు బళ్లలో ఆడపిల్లలు, ప్రైవేటు బళ్లలో మగపిల్లలు ఎక్కువ కనిపించడానికి ఇంటింటా జరిగే ఇలాంటి తీర్పులే కారణం. అన్నకు బూట్లు, నాకెందుకు చెప్పులని పాప అడిగిన రోజు మీ దగ్గర జవాబు ఉండదు.

మీ ఆయన చెప్పే మీడియం మాట పాతబడింది. తెలంగాణ సర్కారు బళ్లలో 2022-23 నుంచే ఇంగ్లిష్ మీడియం మొదలైంది. పుస్తకం తెరిస్తే ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. అది నాకు నచ్చిన పని. మీడియం మారినంత తేలిగ్గా టీచరు మారలేదు, ఇచ్చిన శిక్షణ అంతంతమాత్రమే అంటే ఒప్పుకుంటాను. కానీ మీ వాకిట్లోకి బస్సొచ్చే స్కూల్లో ఇంగ్లిష్ చెప్పేదెవరు? డిగ్రీ పాసైన పక్క ఊరి అమ్మాయే, పది పన్నెండు వేల జీతానికి. బాగా చెప్పే పిల్లయితే ఏడాది తిరక్కుండా ఇంకో స్కూలు వాళ్లు రెండు వేలు ఎక్కువిచ్చి పట్టుకుపోతారు. జూన్‌లో మీరు చూసిన టీచరు సంక్రాంతికి ఉంటుందన్న భరోసా లేదు.

టీచర్ల పిల్లల సంగతి నిజమే. ఆ ప్రశ్న దగ్గర మా వాళ్లంతా గొంతు సవరించుకుంటారు. అయితే ఒకటి గమనించండి. ఆ సారు తన పిల్లల్ని చేర్చింది మీ ఊరికి బస్సు పంపే స్కూల్లో కాదు, హన్మకొండలో లక్షో లక్షన్నరో ఫీజుండే స్కూల్లో. ఆయన్ను చూసి మీరు కొంటున్నది ఆయన కొన్న సరుకు కాదు. బోర్డు మీది "ఇంగ్లిష్ మీడియం" ఒక్కటే రెండిట్లోనూ ఒకటి.

దీని మీద మన దగ్గరే ఒక పెద్ద పరిశోధన జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి, 5 జిల్లాల్లోని 180 ఊళ్లలో నాలుగేళ్లు నడిచింది. సర్కారు బడి పిల్లల పేర్లతో లాటరీ తీశారు. పేరొచ్చిన వాళ్లకు ప్రైవేటు స్కూలు ఖర్చు భరించారు. నాలుగేళ్ల తర్వాత అందరికీ పరీక్ష పెడితే, తెలుగులో, లెక్కల్లో ఇటువాళ్లకూ అటువాళ్లకూ తేడా లేదు. హిందీలో ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు, ఎందుకంటే సర్కారు ప్రైమరీ బళ్లలో అప్పుడు హిందీ చెప్పేవాళ్లే కాదు. ఇది చదివి మా టీచర్లు మురిసిపోవాల్సిన పని లేదు. ప్రైవేటు స్కూళ్లు ఒక్కో పిల్లవాడి మీద పెట్టిన ఖర్చు సర్కారు పెట్టినదాంట్లో మూడో వంతు కూడా లేదని కూడా అందులోనే తేలింది. 2015లో అచ్చయింది. అప్పట్నుంచి పుస్తకాలు, మీడియం చాలా మారాయి గానీ, నేను ఊళ్లలో చూసేది ఇప్పటికీ దాదాపు అదే.

మరి ఆ రైమ్స్ సంగతేమిటంటారా? సాయంత్రాలు మా అరుగు మీద వీధి పిల్లలు చేరతారు. వాళ్లలో యూకేజీ చదివే పాప ఒకర్తి. "మై ఫ్యామిలీ" పాఠం గడగడా చదివి వినిపించింది. వేలు పెట్టి మరీ చదువుతుంది. చూస్తే వేలు రెండో వరుసలో ఉంది, నోరు నాలుగో వరుసకు పోయింది. నేను పైవరుస మీద అరచెయ్యి అడ్డం పెట్టి, మధ్యలో ఒక మాట చూపించి ఇదేంటమ్మా అన్నాను. అది "ఫార్మర్". పాప నా మొహం చూసింది, బొమ్మ చూసింది, "ఫాదర్" అంది. కాదంటే, నా చెయ్యి పక్కకు తోసి "దిస్ ఈజ్ మై ఫాదర్" అని మళ్లీ మొదట్నుంచి అందుకుంది. ఆ మాటకు చేరాలంటే ఆ పిల్లకు మొదట్నుంచి రావడం తప్ప ఇంకో దారి లేదు. నోటుపుస్తకం చూశాను. ప్రతి పేజీ నిండుగా, ముత్యాల్లాంటి అక్షరాలు, ఎర్ర టిక్కు, పక్కన స్టారు. వాళ్లమ్మ పక్కనే నిలబడి "మంచిగ చదువుతది కదమ్మా" అంది. పాప తెలివైనదే, అంత పాఠం కంఠతా పట్టడం తక్కువ పనేం కాదు. కానీ అది చదవడం కాదు. తోటికోడలు పిల్లల్ని కూడా ఇలాగే ఒకసారి మెల్లగా చూడండి, ఊరికే ఆటలా. ఫలితం తోటికోడలికి చెప్పకండి.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. రెండు బళ్లకూ వెళ్లండి, మామూలు రోజున. బడిబాట సంబరం రోజో, స్కూలు డే రోజో కాదు. పదిన్నర ప్రాంతంలో వెళ్లి రెండో తరగతి చూస్తానని అడగండి. ఒకటో తరగతి కాదు, రెండో తరగతే. ఒకటో తరగతి టీచరు చేసిన పని అక్కడ కనిపిస్తుంది. ఏ పిల్లనైనా పిలిచి, పుస్తకంలో ఇంకా చెప్పని పాఠం తీసి, మధ్యలో నాలుగు వాక్యాలు చదవమనండి. తడుముకుంటూ చదివినా ఫర్వాలేదు, కొత్త మాటను అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంటే ఆ బడిలో చదువు నడుస్తోందని అర్థం. ప్రథమ్ సంస్థ వాళ్లు 2005 నుంచి అసర్ సర్వే పేరుతో ఇళ్లకే వెళ్లి పిల్లల్ని చూసే పద్ధతీ దాదాపు ఇదే. ముందు అక్షరాలు, తర్వాత మాటలు, తర్వాత ఒకటో తరగతి పేరా, ఆఖరున రెండో తరగతి స్థాయి కథ. మీరు టీచరు కానక్కర్లేదు, మీకు తెలుగు చదవడం వస్తే చాలు.

సర్కారు బడిలో అయితే ఇంకో ప్రశ్న అడగొచ్చు: "తొలిమెట్టులో మీ రెండో తరగతి పిల్లలు ఎంతమంది ధారాళంగా చదువుతున్నారు సార్?" చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చేయడానికి 2022 ఆగస్టులో మొదలైన కార్యక్రమం అది. ఏ పిల్ల ఏ స్థాయిలో ఉందో టీచర్లు రాసి పెట్టుకోవాలి. రిజిస్టరు వెతక్కుండా ఫలానా ముగ్గురు వెనకబడ్డారమ్మా అని పేర్లతో చెప్పిన టీచరు దొరికితే, ఆ బడి పెచ్చులూడినా సరే, ఆలోచించకుండా వేసేయండి. గదిలో కథల పుస్తకాలు ఎలా ఉన్నాయో చూడండి. అంచులు నలిగి, అట్ట ఊడి ఉంటే మంచిది. కట్ట విప్పకుండా బీరువా మీద ఉంటే పిల్లల చేతికి పోలేదన్నమాట. పన్నెండున్నర దాకా ఉండి అన్నం కూడా చూసి రండి. వారానికి మూడు గుడ్లు పెట్టాలి, పెడుతున్నారో లేదో పిల్లలే చెప్తారు.

ప్రైవేటు స్కూల్లో మిమ్మల్ని ఆఫీసు గదిలో సోఫా దాటి లోపలికి రానివ్వకపోతే మీ పని సగం అయిపోయినట్టే. లోపలికి రానిచ్చి, మీరు అడిగినదానికి విసుక్కోకపోతే నేను వాళ్లకూ మార్కులేస్తాను, అలాంటి స్కూళ్లూ ఉన్నాయి. ఎన్నో తరగతి వరకు గుర్తింపు ఉందో అడగండి. ఏడు వరకే గుర్తింపు తీసుకుని, పదో తరగతి పిల్లలతో ఇంకో స్కూలు పేరు మీద పరీక్ష రాయించే బాపతు మన మండలాల్లో తక్కువేం లేదు. ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే 11 అంకెల యూడైస్ నంబరు ఉంటుంది. అది చెప్పడానికి నసిగితే అనుమానించాల్సిందే.

ఇద్దరు టీచర్లతో ఐదు తరగతులేమిటని మీరు బాధపడ్డారు కదా. బాధాకరమైన విషయమేమిటంటే, అక్కడ ఎవరూ రూలు తప్పలేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారమే 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, 60 దాటితే మూడో టీచరు. పిల్లలు తగ్గితే టీచరు పోతారు, టీచరు పోతే ఉన్న పిల్లలూ బస్సెక్కుతారు. ఊళ్లలో బళ్లు మూతపడేది ఇలాగే. చదువుకు దేశాదాయంలో 6 శాతం ఖర్చు పెట్టాలని 1966లో కొఠారి కమిషన్ చెప్పింది, 2020 జాతీయ విద్యావిధానమూ అదే చెప్పింది, చెప్పడం వరకు ఎవరూ తక్కువ చేయలేదు. మన రాష్ట్రం 2024-25 బడ్జెట్‌లో మొత్తం 2,91,159 కోట్లలో చదువుకు ఇచ్చింది 21,292 కోట్లు, అంటే వందకు ఏడు రూపాయల చిల్లర. అదే ఏడాది డీఎస్సీలో 11,062 పోస్టులు వేసి కొత్త టీచర్లను తీసుకున్నారు, అది మంచి పని. వెంటనే నవంబరులో కులగణన సర్వేకి ప్రైమరీ టీచర్లనే పంపి, బళ్లు ఒంటిపూట నడిపారు. మీ ఊరి సారు బడిలో లేకపోవడం ఆయన ఒక్కడి తప్పే అనుకోకండి.

అందుకని ఒక్కరే వెళ్లకండి. మీ వాడలో ఈ ఏడు ఒకటో తరగతికి వచ్చే పిల్లల తల్లులు నలుగురైదుగురు ఉంటారు, బస్సు గురించి మీలాగే తర్జనభర్జన పడుతూ. కలిసి వెళ్లి హెడ్మాస్టరును ఒకటే అడగండి: ఒకటి, రెండు తరగతులకు ఒక టీచరును కదలకుండా ఉంచుతారా? మీరు మహిళా సంఘంలో ఉండే ఉంటారు. 2024లో పెట్టిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి మీ గ్రామ సంఘం అధ్యక్షురాలే అధ్యక్షురాలు, హెడ్మాస్టరు కన్వీనరు. ఆమెను వెంటపెట్టుకుని వెళ్తే మాటకు బరువుంటుంది.

ఆ టీచరు నిలుస్తారని మీకు నమ్మకం కుదిరితే బాబును ఊరి బడిలో ఒకటో తరగతిలో వేయండి, పాపను ఇంకో రెండేళ్లు అంగన్‌వాడీలోనే ఉంచండి. కుదరకపోతే, నిజంగానే ఆ బడిలో రెండో తరగతి పిల్లలు అక్షరాల దగ్గరే ఆగిపోయి ఉంటే, వేయకండి. సర్కారు బడిని నిలబెట్టే బాధ్యత ఐదేళ్ల పిల్లాడి నెత్తిన పెట్టడం నాకిష్టం లేదు. అప్పుడు పక్క ఊరి సర్కారు బడి చూడండి, అదీ కాదంటే ప్రైవేటుల్లో చిన్నది, దగ్గరిది, తెలుగు చదవడం నేర్పేది చూడండి. గంటసేపు బస్సులో ఊగిపోయే స్కూలు మాత్రం ఐదేళ్లవాడికి వద్దు.

మిగిలే డబ్బు అంతా దాచమని చెప్పను, మిషను మోటారు మార్చుకోవాలేమో మీకే తెలియాలి. కొంత పాప పేరున పోస్టాఫీసులో సుకన్య ఖాతాలో వేయండి, 250 రూపాయలతో మొదలుపెట్టొచ్చు. ట్యూషను పెట్టొద్దు. రాత్రి అన్నం తిన్నాక పావుగంట మీరే తెలుగు కథ చదివించండి. ఇంకో రెండు విషయాలు మీ ఆయనకు చెప్పండి. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది, వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు, సర్కారు, ఎయిడెడ్ బళ్ల పిల్లలకే. బాసర ట్రిపుల్ ఐటీ సీట్లలో 2024 దాకా సర్కారు బడి పిల్లలకు పదో తరగతి గ్రేడు పాయింట్లకు 0.4 కలిపేవాళ్లు, ఇప్పటి లెక్క కనుక్కోండి. ఆ 0.4 దగ్గర సీటు తెచ్చుకున్న పిల్లలు మా ఊళ్లోనే ఉన్నారు.

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. ప్రైవేటు స్కూళ్లలో పేదలకు 25 శాతం ఉచిత సీట్లు ఉన్నాయంటున్నారు. మేము బీసీలం, కౌలు రైతులం. మా పాపకు వస్తుందా? వచ్చాక మళ్లీ డబ్బులు అడగరు కదా మేడం?
– ఒక తండ్రి

జవాబు: విద్యాహక్కు చట్టంలోని 12(1)(సి) సెక్షన్ అది. చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి ఉన్నా, మీ రాష్ట్రంలో అమలు ఆలస్యంగా మొదలైంది. ఏటా ఒకటో తరగతి సీట్లకు ఆన్‌లైన్‌లో దరఖాస్తులు పిలుస్తారు, లాటరీ తీస్తారు. 25లో అనాథలు, దివ్యాంగులు, హెచ్‌ఐవీ బాధిత కుటుంబాల పిల్లలకు 5, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, బీసీ, మైనారిటీ, ఓసీ పేదలకు 6 శాతం. మీరు ఆ చివరి 6 శాతంలో వస్తారు. పల్లెల్లో ఏడాదికి లక్షా 20 వేలు, పట్టణాల్లో లక్షా 44 వేల ఆదాయం దాటకూడదు. ఇంటికి దగ్గరి స్కూలుకే ముందు అవకాశం, కాబట్టి ఆధార్‌లో అడ్రసు ఇప్పుడే సరిచేయించుకోండి. సచివాలయంలో దరఖాస్తు చేయిస్తారు, రశీదు తీసుకోవడం మర్చిపోకండి.

డబ్బులు అడగరా అంటే, అడుగుతారు. పుస్తకాలనీ, బస్సనీ, యాక్టివిటీ అనీ ఏదో ఒకటి. సీటు ఖాయం చేసుకునే రోజే ఏవి ఉచితం, ఏవి కావో కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వకపోతే ఎంఈఓ ఆఫీసుకు మీరే రాసివ్వండి. ఎనిమిదో తరగతి వరకు ఆ సీటు పాప హక్కు, స్కూలు వాళ్ల దయ కాదు. సీటు వచ్చినా స్కూలును మాత్రం పైన జనగామ చెల్లెలికి చెప్పినట్టే చూసి చేర్చండి. ఉచితంగా వచ్చిందని చదువు రాని చోట వేయలేం కదా.

ప్రశ్న: అమ్మా, మాది హైదరాబాద్. మనవడిని ఒకటో తరగతికి తీసుకెళితే రాత పరీక్ష పెట్టి, "మీవాడు స్పెల్లింగ్‌లో వీక్" అని పంపేశారు. వాడు అప్పట్నుంచి పెన్సిల్ పట్టుకోనంటున్నాడు. అబ్బాయీ, కోడలూ ఇద్దరూ ఉద్యోగస్తులు, చాలా టెన్షన్ పడుతున్నారు. కోచింగ్ పెట్టించమంటారా?
– ఒక తాతగారు

జవాబు: వద్దండీ, దండం పెడతాను. ఆరేళ్లవాడికి ఒకటో తరగతి కోచింగేమిటి! అసలు ఒకటో తరగతికి పిల్లల్ని గానీ తల్లిదండ్రుల్ని గానీ పరీక్షించి సీటివ్వడం చట్టవిరుద్ధం. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం మొదటిసారికి 25 వేల దాకా, ఆ తర్వాత ప్రతిసారికీ 50 వేల దాకా జరిమానా వేయొచ్చు. డీఈఓకు ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది మీ ఓపికను బట్టి. చాలామంది చేయరు, ఎందుకో నాకూ తెలుసు, రేపు అదే స్కూలు గడప ఎక్కాల్సి వస్తుందేమోనని. కానీ వచ్చేటప్పటికే స్పెల్లింగ్ వచ్చిన పిల్లల్ని ఏరుకునే స్కూలు తర్వాత ఏం నేర్పుతుందో మీ అబ్బాయిని ఒక్కసారి ఆలోచించమనండి.

పెన్సిల్ సంగతికి తొందరపడకండి. కొన్నాళ్లు రాత మాట ఎత్తొద్దు. పప్పులో రాళ్లు ఏరించండి, చిక్కుడుకాయలు ఒలిపించండి, ముగ్గుపిండి చేతికివ్వండి, వేళ్లకు పట్టు వస్తుంది. మీరు రాసే కూరగాయల చీటీలో ఒక్క మాట వాణ్ని రాయమనండి. తప్పు రాస్తే దిద్దకండి, ఆ చీటీ పట్టుకునే బజారుకెళ్లండి. కూరలమ్మాయి చదివి అర్థం చేసుకుంటే వాడికి అదే పాస్ మార్కు.